గోడకు ఎంత మెరుపు?

పండక్కి రంగులు వేయించేవాళ్లు షేడ్ కార్డు తెరిచేముందు తమ గోడను, దాన్ని తాకే చేతులను చూసుకోవాలి

పాత సర్కారు బడిలోనో, ఆసుపత్రిలోనో, తహసీల్దారు కచేరీలోనో అడుగుపెడితే గోడ రెండు రకాలుగా కనిపించేది. నేల నుంచి ఛాతీ ఎత్తుదాకా ఆయిల్ పెయింటు, నున్నగా, తడిగుడ్డతో తుడిస్తే మురికి పోయేలా. దాని మీద అడ్డంగా ఒక సన్నటి గీత. గీత పైనంతా సున్నం. అందంగా ఉందని ఎవరూ మెచ్చుకోలేదు గానీ, ఆ గీత గీయించినవాడు గోడను బాగా చదివినవాడు. పిల్లల చేతులు, క్యూలో నిలబడి ఆనుకున్న వీపులు, గోడకు తన్నిపెట్టిన కాళ్లు, ఈడ్చిన బెంచీలు అన్నీ గీత కిందే. పైభాగాన్ని తాకేది వెలుతురు ఒక్కటే. పల్లెల్లో గోడ అడుగున జాజు పట్టీ, పైన తెల్ల సున్నం వేసిన ఆడవాళ్లదీ అదే లెక్క. చూరు నీళ్లు చిమ్మిన బురద ఎర్రమన్ను మీద కనిపించదు.

ఇప్పటి ఇళ్లలో ఆ లెక్క పోయింది. హాలుకు ఏ రంగు వేయాలన్నదాని మీద ఇంటిల్లిపాదీ నెల్లాళ్లు వాదించుకుంటారు. లేత గంధం రంగా, బూడిద రంగా, సోఫా వెనక గోడకు ముదురు నీలమా అని ఫోన్లో బొమ్మలు చూపించుకుంటారు. చివరిరోజు పెయింటర్ మేస్త్రి అడుగుతాడు: "మ్యాట్ వేయమంటారా సార్, షైనింగ్ వేయమంటారా?" ఒక్క క్షణం ఆలోచించి "షైనింగే వేసెయ్" అంటారు. ఎందుకంటే మెరిస్తే కొత్తగా ఉంటుంది, పెట్టిన డబ్బు కంటికి కనిపిస్తుంది, పండక్కి వచ్చిన చుట్టాలు గోడ మీద చెయ్యి వేసి చూస్తారు. ఇల్లంతా, నేల నుంచి పైకప్పుదాకా, ఒకటే మెరుపు.

నా మట్టుకు నేను దీనికి వ్యతిరేకిని. మన ఇళ్లలో మెరుపు ఉండాల్సిన చోట్లు చాలా తక్కువ. చేతులు, నూనె, ఆవిరి తగిలే చోట ఉండాలి. మిగతా గోడలన్నీ మ్యాట్‌గా ఉంటేనే ఇంటికి అందం, మనకు సుఖం.

సున్నుండ లెక్క

పెయింటు డబ్బాలో ప్రధానంగా ఉండేవి మూడు: రంగునూ కప్పే గుణాన్నీ ఇచ్చే పొడి, ఆ పొడిని గోడకు పట్టి ఉంచే జిగురు, ఆరిపోయే ద్రవం. ద్రవం ఎగిరిపోయాక గోడ మీద మిగిలేది పొడీ జిగురూ. వాటి పాళ్లే మెరుపును తేలుస్తాయి. సున్నుండ చేసిన ప్రతివారికీ ఇది తెలుసు. నెయ్యి దండిగా పోస్తే ఉండ పైన నిగనిగలాడుతుంది. తగ్గిస్తే పిండి పలుకు బయటికి కనిపిస్తూ పొడిపొడిగా ఉంటుంది. ఇంకా తగ్గిస్తే పట్టుకోగానే చేతిలో రాలిపోతుంది.

జిగురు పొడి రేణువుల్ని పూర్తిగా కప్పేసి పైన నున్నగా పరుచుకుంటే, పడిన వెలుతురు ఒకే దిక్కుకు తిరిగి వెళ్తుంది. అది గ్లాస్. రేణువులు పైకి పొడుచుకొచ్చి ఉంటే వెలుతురు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. అది మ్యాట్. మధ్యలో ఉన్నవే షాపువాళ్లు శాటిన్, సిల్క్, షీన్, సాఫ్ట్ షీన్ అని చెప్పేవి. జిగురు మరీ తక్కువైన చవక డిస్టెంపరు గోడకు ఆనుకుంటే చొక్కా వీపు తెల్లబడేది అందుకే. అంతమాత్రాన మ్యాట్ అంటే నాసిరకం కాదు. ఖరీదైన మ్యాట్ ఎమల్షన్లలో జిగురు సరిపడా ఉంచి, మెరుపును చంపడానికి సిలికా వంటి సన్నటి పొడులు విడిగా కలుపుతారు. వాటిని తుడవొచ్చు కూడా. కాకపోతే ఒకేచోట గట్టిగా రుద్దితే పైకి పొడుచుకొచ్చిన రేణువులు అణిగి అక్కడ మాత్రం మెరుపు మచ్చ పడుతుంది. స్విచ్‌బోర్డుల చుట్టూ, డైనింగ్ కుర్చీల వెనక కనిపించే నిగారింపు మచ్చలు అవే.

ఈ పొడుల్లో మన నేలలో దొరికేవీ ఉన్నాయి. తెల్ల రంగులకు ప్రాణమైన టైటానియం డయాక్సైడ్‌ను ఇల్మనైట్ అనే ఖనిజం నుంచి తీస్తారు. శ్రీకాకుళం నుంచి భీమిలిదాకా తీరంలో నల్లగా కనిపించే ఇసుకలో అది ఉంది. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది గానీ, ముగ్గురాయి పొడిని పెయింట్లలోనూ కలుపుతారు.

కంపెనీల ల్యాబుల్లో మెరుపును కొలిచే మీటర్లుంటాయి. సాధారణంగా 60 డిగ్రీల కోణంలో వెలుతురు పంపి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తారు. నున్నగా సాన పట్టిన నల్ల గాజుకు 100 మార్కులు. ఐరోపా ప్రమాణం ప్రకారం 60 మార్కులు, ఆపైన వస్తేనే గ్లాస్. మన షాపుల్లో ఈ అంకె ఎవరూ చెప్పరు. ఒక కంపెనీ సిల్క్ మరో కంపెనీ షీన్ కావొచ్చు. అందుకే పేరును నమ్మకుండా, చిన్న డబ్బాలు తెచ్చి మీ గోడ మీదే రెండు అడుగుల మేర పూయించి, రాత్రి లైటు వేసి చూడటం మేలు.

ట్యూబ్‌లైటు పెట్టే పరీక్ష

రాత్రి లైటు అని ఎందుకంటున్నానంటే, మన ఇళ్లలో ట్యూబ్‌లైటు గోడకే బిగించి ఉంటుంది. వెలుతురు గది మధ్యలోంచి గోడకు ఎదురుగా రాదు, గోడ మీదుగా కిందికి జారుతుంది. అలా జారే వెలుతురులో తాపీ గీతలు, లప్పం అతుకులు, ఎలక్ట్రీషియన్ గాడి కొట్టి పూడ్చిన చోట్లు అన్నీ నీడలేసుకుని లేచి నిలబడతాయి. ఈమధ్య ఫాల్స్ సీలింగు అంచుల్లో దాచిపెట్టే ఎల్ఈడీ పట్టీలు ఇంకా నిక్కచ్చివి. మ్యాట్ గోడ మీద ఈ ఎత్తుపల్లాలు కొంతవరకు కలిసిపోతాయి. మెరిసే గోడ మీద ఒక్కటీ దాగదు.

పనిమంతుడైన పెయింటరు ఈ మాట ముందే చెప్తాడు. "గోడ సాపుగా లేదమ్మా, షైనింగ్ వేస్తే మొత్తం బయటపడుద్ది" అంటాడు. ఆ మాటను బద్ధకం కింద కొట్టేయకండి. రోబో శాండ్‌తో ప్లాస్టరింగు చేసి స్పాంజి కొట్టిన గోడ ఎంత చక్కగా ఉన్నా, రెండు కోట్లు లప్పం పట్టి, ఎమ్రీ పేపరుతో రుద్ది, మళ్లీ చూసుకోనిదే మెరుపుకు సిద్ధం కాదు. మీరే చూసుకోవాలంటే గదిలో లైట్లన్నీ ఆర్పి, ఫోను టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వేయండి. కనిపించిన గతుకులన్నీ సరిచేయించే ఓపికా డబ్బూ ఉంటే షైనింగ్ సంగతి ఆలోచించొచ్చు. లేదంటే హాలుకు మ్యాట్, మరీ అయితే సాఫ్ట్ షీన్.

టీవీకి ఎదురుగా ఉన్న గోడ, కిటికీకి పక్కగా ఉన్న గోడ మెరిస్తే మధ్యాహ్నం కళ్లు చికాకు పడతాయి. రంగుకూ దీంతో ముడి ఉంది. ఒకే నంబరు షేడు షీన్‌లో ముదురుగా, మ్యాట్‌లో కాస్త పాలు కలిసినట్టుగా కనిపిస్తుంది. మ్యాట్ మీద చెదిరిన తెల్ల వెలుతురు రంగుతో కలిసి కంటికి చేరడమే కారణం. షేడ్ కార్డు మీద నచ్చిన రంగు గోడ మీద నచ్చకపోవడానికి సగం పుణ్యం ఫినిష్‌ది.

పైకప్పు గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. మ్యాట్ తెలుపు. జిప్సం బోర్డుల అతుకులు, పీఓపీ గతుకులు దాయాలంటే అదొక్కటే దారి. అక్కడికి ఎవరి చెయ్యీ అందదు.

తలనూనె గోడ

పడకగదిలో మంచం తలవైపు గోడను చూస్తే ఆ ఇంట్లో ఎవరు కొబ్బరినూనె రాసుకుంటారో చెప్పేయొచ్చు. గుండ్రటి మరక, దిండుకు జానెడు పైన. మ్యాట్ గోడ నూనెను పీల్చుకుంటుంది. ఇక ఎంత తుడిచినా అది పోదు, మీద రంగు వేసినా కొన్నాళ్లకు తేలుతుంది. వరండాలో తాతయ్య కుర్చీ వెనక, దివాన్ పక్కన కూడా ఇదే కథ. గది మొత్తం షైనింగ్ చేయడం దీనికి మందు కాదు. మంచానికి తలవైపు చెక్క పలక ఉండటమో, ఆ గోడ ఒక్కదానికి నాలుగడుగుల ఎత్తున శాటిన్ వేయడమో చాలు.

పిల్లల గది, నడవ, మెట్ల పక్క గోడ విషయంలో నేను ఆ పాత గీతకే ఓటేస్తాను. కింద నాలుగడుగులు శాటిన్, పైన మ్యాట్, రెండూ ఒకే రంగు. దూరం నుంచి చూసేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు, దగ్గరికొచ్చి పెన్సిల్‌తో ఏనుగు బొమ్మ గీసినవాడి తల్లికి మాత్రం తెలుస్తుంది. తేడా కప్పిపుచ్చడం ఇష్టం లేకపోతే మధ్యలో సన్నటి చెక్క బద్ద కొట్టించొచ్చు, కింద ఒక ఛాయ ముదురు వేయొచ్చు. బాడుగకిచ్చే వాటాలకైతే ఇది బంగారంలాంటి ఏర్పాటు. మనిషి మారినప్పుడల్లా గోడంతా వేయించక్కర్లేదు.

పోపు, దీపం, ఆవిరి

వంటింట్లో గట్టు మీద రెండడుగులు టైల్స్ వేసి, పైన మిగిలిన గోడకు హాల్లో మిగిలిన మ్యాట్ డబ్బా ఖాళీ చేయడం మనవాళ్ల అలవాటు. పోపు పడ్డప్పుడు లేచే నూనె ఆవిరిలో చిమ్నీ లాగేది కొంతే. మిగతాది టైల్స్ దాటి పైకెళ్లి గోడకూ పైకప్పుకూ పడుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అక్కడ మెరుపు కావాలి. శాటిన్ ఎనామెల్ గానీ, మంచి షీన్ ఎమల్షన్ గానీ వేసి, వారానికోసారి గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడిస్తే గోడ నిలుస్తుంది. నీళ్లతో కలిపే ఎనామెల్స్ ఇప్పుడు దొరుకుతున్నాయి గనుక టర్పెంటైన్ వాసన భయమూ లేదు. పొయ్యికి నేరుగా పైనున్న సీలింగుకూ అదే వేయించండి.

పసుపు మరక మీద సబ్బు రుద్దగానే అది ఎర్రగా మారి ఇల్లాలిని కంగారు పెడుతుంది. భయపడక్కర్లేదు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపునీళ్లలో సున్నం వేసి దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసుకునేది ఈ గుణంతోనే. సబ్బు కడిగేస్తే మళ్లీ పసుపుగా అవుతుంది. మిగిలిన మచ్చ ఎండ తగిలేకొద్దీ వెలిసిపోతుంది. కర్క్యుమిన్‌కు వెలుతురు పడదు.

పూజగదిలో దీపం మసి, కర్పూరం మసి మ్యాట్ గోడలోకి దిగిపోతాయి. తడిగుడ్డ పెట్టి రుద్దితే ఇంకా అలుక్కుంటాయి. మసిని ముందు పొడిగా దులపాలి, తర్వాతే తడి. దీపం వెనక గోడకు టైలో గ్రానైటు పలకో, కనీసం షీన్ పెయింటో ఉంటే ఈ బాధ ఉండదు. బాత్‌రూమ్ పైకప్పుకు, టైల్స్ మీది గోడకు కూడా మెరుపే మంచిది. గీజరు ఆవిరి మ్యాట్ రంధ్రాల్లో నిలిచి నల్లటి బూజు పుడుతుంది. కానీ ఎగ్జాస్ట్ ఫ్యాను లేని గదికి ఏ పెయింటు వేసినా అది కొన్నాళ్ల ముచ్చటే.

చెమ్మ ఉన్న గోడ ఏదీ భరించదు

చెమ్మ ఉన్న గోడ మీద మెరుపు వేయడం ఖరీదైన పొరపాటు. గోదావరి, కృష్ణా లంకల్లోనూ, డెల్టా ఊళ్లలోనూ నేలనీళ్లు పైపైనే ఉంటాయి. పునాదిలో అడ్డుపొర సరిగా వేయని ఇళ్లలో ఆ నీరు ఇటుకల సన్నటి రంధ్రాల్లోంచి పైకి పాకుతుంది. నేల నుంచి మూడడుగులదాకా ఎక్కడం మామూలే. దారిలో మట్టిలోని, ఇటుకలోని లవణాలను కరిగించుకొస్తుంది. నీరు ఆవిరైనచోట ఉప్పు తెల్లగా పూస్తుంది. పాత సున్నం గోడ ఊపిరి పీల్చేది. చెమ్మ బయటికి పోయేది, పొడి రాలేది, ఏటా వెల్ల వేసుకునేవాళ్లు. ఇప్పుడు దాని మీద లప్పం పట్టి, జిగురు దండిగా ఉన్న నిగనిగలాడే పెయింటు వేస్తే ఆవిరికి దారి మూసుకుపోతుంది. లోపలి ఒత్తిడికి బుడగలొస్తాయి, పెచ్చులు లేస్తాయి, లప్పం పలకలు పలకలుగా ఊడిపడుతుంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు అని లోపలి వైపు ఇంకో పొర వేస్తే, నీరు దాని వెనకే ఇంకాస్త పైకెక్కుతుంది. టైల్స్ అతికించినా అంతే, చెమ్మ గీత టైల్స్ పైకి జరుగుతుంది.

కొత్త ఇంటిదీ చెమ్మ బాధే, కారణమే వేరు. ప్లాస్టరింగు అయ్యాక కనీసం 28 రోజులైనా ఆగాలని అంటారు. వానాకాలమైతే ఇంకా ఎక్కువ ఆగాలి. కానీ గృహప్రవేశం ముహూర్తం ఆగదు. నీళ్లు ఆరని పచ్చి సిమెంటు గోడ క్షారంతో నిండి ఉంటుంది. దాని మీద ఆయిల్ పెయింటు వేస్తే నూనె, క్షారం కలిసి సబ్బు తయారవుతుంది. సబ్బు తయారీ రసాయనం అదే మరి. గోడ మీద పెయింటు మెత్తబడి జిగటగా చేతికి అంటుతుంది. ముహూర్తం తప్పనిసరైతే ప్రైమరూ ఒక కోటు మామూలు మ్యాట్ ఎమల్షనూ వేసి ఇంట్లో చేరండి. అసలు రంగులు ఒక ఎండాకాలం గడిచాక వేయించుకోండి.

చెమ్మ ఉందో లేదో తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పున పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు బిగించి, ఒకట్రెండు రోజులు వదిలేయాలి. ప్లాస్టిక్ లోపలి వైపు చెమర్చితే నీరు గోడలోంచి వస్తున్నట్టు. బయటివైపు చెమర్చితే అది గది గాలిలోని తేమ. మొదటిదైతే పెయింటు షాపుకు కాదు, ముందు పైపులు చూసే ప్లంబరు దగ్గరికో, పునాది చూసే ఇంజినీరు దగ్గరికో వెళ్లాలి. అది కుదిరేదాకా ఆ మూడడుగులకూ సున్నమే మర్యాద.

తలుపులు, కటకటాలు

ఎన్ని చేతులు పడినా తట్టుకోవాల్సింది తలుపు. అందుకే దానికి ఎనామెల్. పూర్తి గ్లాస్ వేస్తే వడ్రంగి పని లోపాలు కూడా మెరుస్తాయి గనుక లోపలి తలుపులకు శాటిన్ బాగుంటుంది. తెల్ల ఆయిల్ ఎనామెల్ చీకట్లో పచ్చబడుతుందని చాలామందికి తెలియదు. బీరువా తలుపు లోపలి వైపు, ఎప్పుడూ మూసి ఉండే గది తలుపు ముందు పసుపుకు తిరుగుతాయి. ఎండ తగిలేవి తెల్లగానే ఉంటాయి. అలాంటి చోట్ల నీళ్లతో కలిపే ఎనామెల్ వేయండి. టేకు తలుపుకు రంగు వేయడానికి ఎవరికీ మనసొప్పదు, సరే. లోపలివాటికి మెలమైన్ చాలు. ఎండా వానా తగిలే సింహద్వారానికి బయటి వాడకానికి పనికొచ్చే పీయూ పాలిష్ కావాలి. గడపకు రోజూ పసుపు రాసే ఓపిక లేక పసుపు ఎనామెల్ వేసి ఎర్ర బొట్లు పెట్టేస్తున్నారు. భక్తి సంగతి పక్కనపెడితే, రోజూ కాళ్లు పడే చెక్కకు గ్లాస్ ఎనామెల్ సరైన ఎంపికే.

పాత తలుపుల రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందటి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామెల్స్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకి ఆ దుమ్మును ఇంట్లో లేపొద్దు. తడిపి రుద్దించాలి, రాలినదాన్ని తడిగుడ్డతో ఎత్తేయాలి, పిల్లల్ని ఆ రోజుకు అమ్మమ్మ గారింటికి పంపేయాలి.

ఇనుప గ్రిల్సుకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన గ్లాస్ ఎనామెల్. నున్నటి పొర మీద వాననీళ్లు నిలవవు. మ్యాట్ నలుపు గ్రిల్స్ ఇప్పుడు ఫ్యాషన్. దుమ్ము తుడవడానికి రోజూ మనిషి ఉంటే వేయించుకోండి.

ఇంటి బయట

లోపలి ఎమల్షన్ మిగిలింది కదా అని బయట వేస్తే ఎండకు పొడిగా మారి చేతికి అంటుతుంది. బయటికి బయటి పెయింటే, అదీ తక్కువ మెరుపుది. పెద్ద గోడ మెరిస్తే దాని వంకరలు వీధంతటికీ తెలుస్తాయి. ముళ్లుముళ్లుగా ఉండే టెక్స్‌చర్ల మోజు మాత్రం నాకు మింగుడుపడదు. రోడ్డు పక్క ఇళ్లకు రెండేళ్లలో ఆ గరుకులో దుమ్మూ పాచీ పట్టి, పిట్టగోడ మీంచి జారిన నల్లటి చారలు అందులో ఇంకిపోతాయి. పిట్టగోడ పైభాగాన్ని లోపలికి వాలుగా కట్టి, సజ్జా కింద నీళ్లు తెగిపడే గాడి పెడితే ఆ చారల్లో చాలావరకు పుట్టవు.

డాబా మీద మెరుపుకూ చల్లదనానికీ సంబంధం లేదు. మ్యాట్ తెలుపు కూడా ఎండను బాగా తిప్పికొడుతుంది, కాకపోతే నాలుగు వైపులకూ చెదరగొట్టి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానంలో 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లటి కప్పు తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లవాళ్లు వేసవికి ముందు డాబాకు వేసే సున్నం కూడా ఆ పనే చేస్తుంది. దాని మెరుపు కన్నా, దుమ్ము పేరుకోకుండా ఏటా కడగడం ముఖ్యం.

ఇక మేస్త్రితో మాట్లాడేటప్పుడు ఎస్టిమేటు కాగితం మీద గదిగదికీ ఫినిష్ పేరు, డబ్బా పూర్తి పేరు, షేడు నంబరు రాయించుకోండి. "మొత్తం షైనింగ్" అన్న ఒక్క ముక్కతో ఒప్పందం వద్దు. ఒక గోడకు వాడే డబ్బాలు ఒకే బ్యాచివి అయ్యేలా చూడండి. పని అయ్యాక మిగిలిన మ్యాట్ పెయింటు గట్టి మూతున్న సీసాలో పోసి, గది పేరు రాసి దాచండి. మేకు ఊడిన చోట, సోఫా రాసుకున్న చోట బ్రష్షుతో అద్దుకుంటే కలిసిపోతుంది. షీన్, శాటిన్ గోడలకు మాత్రం అతుకు అతుకుగానే కనిపిస్తుంది. అక్కడ గీత పడితే ఈ మూల నుంచి ఆ మూలదాకా గోడంతా ఒక కోటు వేయించాల్సిందే. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకుని, అప్పుడు చెప్పండి హాలుకు ఏది కావాలో.